మీకు తెలుసా? కడలి అడుగున ఊటలు, జాదూగూడ రాళ్లలో వాటి ఆచూకీ

జంషెడ్‌పూర్‌ తెలుగువాళ్లు సముద్రం చూడాలంటే దీఘాకో పూరీకో పోవాలి, లేదంటే సెలవులకు శ్రీకాకుళం, విజయనగరం వైపు రైలెక్కాలి. అలాంటి ఊళ్లో కూర్చుని సముద్రం అడుగున ఊరే నీళ్ల ముచ్చట ఎందుకని అడగవచ్చు. ఆ నీళ్ల ఆచూకీ పట్టించే పదార్థాలకు మూలమైన లోహం కోసమే మన ఊరి చుట్టుపక్కల గనులు తవ్వారు. ముచ్చట మొదలయ్యేది అక్కడే.

సువర్ణరేఖ కాక ఇంకో దారి కూడా ఉందని తెలుసా?

రాంచీ దగ్గర నగ్డీలో పుట్టి, హుండ్రూ దగ్గర జలపాతమై దూకి, మన సోనారీ దోముహానీ దగ్గర ఖర్కాయ్‌ని కలుపుకుని, ఘాట్‌శిలా మీదుగా ఒడిశాలోకి పోయి బంగాళాఖాతంలో పడుతుంది సువర్ణరేఖ. వానకాలంలో వంతెన మీద నిలబడి చూసినవాళ్లెవరికైనా సముద్రానికి నీళ్లు పోయే దారి నదేనని అనిపిస్తుంది. కానీ కురిసిన వానలో కొంత నేలలోకి ఇంకుతుంది. అది ఇసుక పొరల్లో, రాతి పగుళ్లలో తీరం వైపు నెమ్మదిగా జరిగి, ఒడ్డు దాటాక సముద్రపు అడుగు నుంచి పైకి ఊరుతుంది. ఒడ్డు పక్కనే ఊరేది కొంత, ఖండతీరపు అంచు మీద కిలోమీటర్ల దూరం పోయి ఊరేది కొంత. దానికి గట్టు లేదు, వంతెన లేదు, మట్టం కొలిచే స్తంభమూ లేదు. అందుకే చాలాకాలం నీటి లెక్కల్లో దానికి చోటే దక్కలేదు.

సముద్రం మధ్యలో మంచినీళ్లు తోడుకున్నవాళ్లు రెండు వేల ఏళ్ల కిందటే ఉన్నారు

గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాసిపెట్టాడు. సిరియా తీరానికి ఎదురుగా ఆర్వాద్ అనే చిన్న దీవి ఉంది. యుద్ధం వచ్చి ఒడ్డు నుంచి నీళ్లు తెచ్చుకునే వీలు లేనప్పుడు, అక్కడివాళ్లు దీవికీ ఒడ్డుకూ మధ్య సముద్రంలో ఉన్న ఊట మీదికి పడవలో పోయేవారు. వెడల్పు నోరున్న సీసపు గరాటును బోర్లించి, ఊట మీద కూర్చునేలా దించేవారు. గరాటు సన్నటి కొసకు తోలు గొట్టం కట్టి ఉండేది. ముందుగా గొట్టంలో ఉన్న ఉప్పునీరు పైకి వచ్చేది, దాన్ని పోనిచ్చి ఆ తర్వాత వచ్చే మంచినీళ్లు పట్టుకునేవారు. మొదటి నీళ్లు పారబోయాలన్న ఎరుక చూడండి! ఇవాళ నమూనాలు తీసే శాస్త్రవేత్తలు కూడా ముందుగా చేసే పని అదే.

బహ్రెయిన్‌లో కూడా అంతే. ముత్యాల కోసం మునిగేవాళ్లు సముద్రపు అడుగున ఊటల దగ్గర తోలు సంచులు నింపుకుని పైకి తెచ్చేవారు.

రామేశ్వరం వెళ్లినవాళ్లు ఇది చూసే ఉంటారు

తంగచ్చిమఠం దగ్గర విల్లూండి తీర్థం. చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో బావి, అందులో మంచినీళ్లు. సీతమ్మ దాహం తీర్చడానికి రాముడు వింటిని నాటిన చోటని స్థలపురాణం. భూగర్భ శాస్త్రం చెప్పేది ఒడ్డు నుంచి ఇసుక కిందుగా వచ్చే తీపి ఊట గురించి. రెండూ నీళ్లు మంచివనే చెబుతున్నాయి కాబట్టి గొడవేం లేదు.

ఊటను కొలవడానికి సగం కోసిన డ్రమ్ము చాలని తెలుసా?

1977లో డి. ఆర్. లీ అనే శాస్త్రవేత్త ఒక పరికరం గురించి రాశాడు. నూనె డ్రమ్మును అడ్డంగా కోసి, మూత ఉన్న ముక్కను బోర్లించి, అంచులు దిగేదాకా అడుగు ఇసుకలోకి నొక్కాలి. పైన చిన్న కన్నం, దానికి గొట్టం, గొట్టానికి ప్లాస్టిక్ సంచి. డ్రమ్ము కింద ఉన్నంత నేలలోంచి ఊరిన నీళ్లు సంచిలో చేరతాయి. గంటకు ఎంత నిండిందో చూస్తే ఊట వేగం తెలిసిపోతుంది. ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు. చెరువుల్లో, ఉప్పుటేరుల్లో ఇప్పటికీ వాడుతున్నారు.

చిక్కల్లా ఏమిటంటే, డ్రమ్ము తన కింద ఉన్న చోటు సంగతే చెబుతుంది. రెండు బారల అవతల ఊట రెండింతలు ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. అలలు తగిలితే సంచి ఊగి లెక్క తప్పుతుంది. వందల కిలోమీటర్ల తీరానికి ఎన్ని డ్రమ్ములు నాటగలం? మొత్తం తీరం ఊటను ఒక్కసారిగా పట్టివ్వాలంటే ఆ నీళ్లే తమ వెంట ఏదో గుర్తు తెచ్చుకోవాలి.

ఆ గుర్తు పేరు రేడియం. దాని పుట్టిల్లు యురేనియం

ఇక్కడికి మన ఊరు వస్తుంది. జంషెడ్‌పూర్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న జాదూగూడలో 1951లో యురేనియం నిక్షేపం కనుక్కున్నారు. దేశంలో మొదటి యురేనియం గని అదే. 1967లో యురేనియం కార్పొరేషన్ ఏర్పడింది. తర్వాత భాటిన్, నర్వాపహాడ్, ఊరికి ఆనుకునే ఉన్న తురామ్‌డీహ్ వచ్చాయి. అవన్నీ సింగ్‌భూమ్‌లో వందకు పైగా కిలోమీటర్ల మేర విల్లులా వంగి సాగే ఒకే పగుళ్ల పట్టీ మీద ఉన్నాయి. మన కడప జిల్లా తుమ్మలపల్లె గనిదీ ఇదే కార్పొరేషన్. (జాదూగూడ పేరెత్తితే వ్యర్థాల చెరువులూ, చుట్టుపక్కల పల్లెల ఆరోగ్యం మీద నడిచిన వాదాలూ గుర్తొస్తాయి. అవి పక్కన పెట్టదగ్గవి కావు, కానీ వాటికి వేరే వ్యాసమే కావాలి.)

యురేనియం ఊరికే ఉండదు. ఒక్కో మెట్టే దిగుతూ వేరే వేరే మూలకాలుగా మారుతుంది. యురేనియం-238 సగం తరగడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. ఆ దిగే దారిలో ఒక మెట్టు థోరియం-230, దాని తర్వాతి మెట్టు రేడియం-226, ఆ తర్వాతిది రేడాన్ అనే వాయువు. క్యూరీ దంపతులు 1898లో రేడియాన్ని గుర్తించింది కూడా యురేనియం ఖనిజంలోనే. టన్నుల కొద్దీ ఖనిజాన్ని మరిగించి, వడగట్టి, 1902 నాటికి మేరీ క్యూరీ వేరు చేయగలిగింది గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడ్.

సముద్రంలో దొరికే రేడియం జాదూగూడ నుంచి పోయిందని మాత్రం అనుకోకండి. యురేనియం, థోరియం కొద్దోగొప్పో ప్రతి ఇసుక రేణువులోనూ, ప్రతి బంకమట్టి పొరలోనూ ఉంటాయి. జాదూగూడలో గని తవ్వేంత ఉన్నాయి, అంతే తేడా. మన కొండల్లో జరిగే మార్పే ప్రతి తీరపు ఇసుక కిందా జరుగుతోంది.

ఉప్పు తగిలితేనే రేడియం కదులుతుంది

మంచినీళ్లలో రేడియం మట్టి రేణువులను పట్టుకుని వదలదు. ఉప్పునీరు తగలగానే, అందులోని అయాన్లు ఆ రేణువుల మీద చోటు ఆక్రమించి రేడియాన్ని నీళ్లలోకి తోసేస్తాయి. తీరం కింద తీపినీరు, ఉప్పునీరు కలిసే చోట ఇది ఎడతెగకుండా జరుగుతూ ఉంటుంది. అందుకే అక్కడినుంచి ఊరే నీళ్లలో రేడియం పక్కనున్న సముద్రపు నీటిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. థోరియం మాత్రం ఉప్పుకీ లొంగదు. రేణువుకే అతుక్కుని ఉండి, కొట్టుకుపోయిన రేడియం స్థానంలో మళ్లీ కొత్తది పుట్టిస్తూ ఉంటుంది.

ఇక లెక్క కట్టడం ఇంటి ఖర్చుల పద్దు రాసినట్టే. తీరం నీళ్లలో మొత్తం రేడియం ఎంతుందో చూస్తారు. నది తెచ్చింది ఇంత, అడుగు బురద వదిలింది ఇంత, లోపలి సముద్రం నుంచి వచ్చింది ఇంత అని ఒక్కోటీ తీసేస్తారు. ఇంకా మిగిలితే దానికి జమ చూపించాల్సింది ఊటే. ఒక లీటరు ఊటనీటిలో రేడియం ఎంతుందో ఒడ్డు పక్కన బావుల్లో కొలిచి, మిగులును దానితో భాగిస్తే ఎన్ని లీటర్లు ఊరాయో వచ్చేస్తుంది. పద్దులో ఏ అంకె తప్పినా జవాబు తప్పుతుంది. నిజాయితీ ఉన్న శాస్త్రవేత్తలు జవాబు పక్కన ఎంత అటూ ఇటూ అవుతుందో కూడా రాస్తారు.

రేడియాల్లో నాలుగు రకాలు, నాలుగు గడియారాలు

రేడియం-224 సగం తరగడానికి 3.66 రోజులు. రేడియం-223కి 11.4 రోజులు. రేడియం-228కి 5.75 సంవత్సరాలు. రేడియం-226కి 1,600 సంవత్సరాలు. ఒడ్డు నుంచి పడవలో లోపలికి పోతున్నకొద్దీ మొదటి రెండూ త్వరగా కనుమరుగవుతాయి. చివరివి పల్చబడతాయే తప్ప ఆ ప్రయాణంలో తరగవు. ఈ రెండు జతల నిష్పత్తి చూసి, ఈ నీరు ఒడ్డు వదిలి ఎన్ని రోజులైందో చెబుతారు.

వీటిలో 226 యురేనియం-238 సంతానం. 223 యురేనియం-235 వంశం. 228, 224 రెండూ థోరియం ఇంటివి. థోరియం అంటే మోనజైట్ ఇసుక. టాటానగర్ నుంచి ఆంధ్రా వైపు పోయే రైలు దారిలో, బరంపురం ముందు ఛత్రపూర్ వస్తుంది. ఆ తీరపు ఇసుక నుంచే మోనజైట్ తీస్తున్నారు. శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల్లోనూ ఆ ఇసుక ఉంది. సింగ్‌భూమ్‌లో యురేనియం వెతికేదీ, తీరంలో ఈ ఇసుకను లెక్కపెట్టేదీ ఒకే సంస్థ, అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్. దాని కేంద్ర కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలో, తూర్పు ప్రాంత కార్యాలయం మన ఖాస్‌మహల్‌లో.

వంద లీటర్ల సముద్రపు నీటిలో ఎంత రేడియం ఉంటుందో ఊహించగలరా?

తీరానికి దూరంగా పైనీటిలోనైతే, గ్రామును లక్ష కోట్ల ముక్కలు చేస్తే వాటిలో నాలుగైదు ముక్కలంత. దీన్ని పట్టుకునే పద్ధతి మాత్రం చూడటానికి మరీ సాదాగా ఉంటుంది.

తెల్లటి యాక్రిలిక్ ఉన్నిని వేడి వేడి పర్మాంగనేటు ద్రావణంలో నానబెడతారు. బావిలో మందు వేసేటప్పుడు ఊదారంగు పులుముతుందే, ఆ పర్మాంగనేటే. ఉన్నికి మాంగనీస్ ఆక్సైడ్ పట్టి, బొగ్గులా నల్లబడుతుంది. దాన్ని గొట్టంలో కూరి, వందల లీటర్ల సముద్రపు నీటిని దాని గుండా పోనిస్తారు. నిమిషానికి లీటరు మించకుండా, నిదానంగా. తొందరపడితే రేడియం పట్టుబడకుండా జారిపోతుంది. పడవ మీద నిలబడి చేయించేవాళ్ల నడుములు పట్టేసే పని ఇది. తర్వాత ఉన్నిని మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించి, పిండి ఆరబెడతారు. పూర్తిగా ఆరకూడదు, నీళ్లు కారకూడదు. తడి సరిగ్గా ఉంటేనే లోపల పుట్టే వాయువు బయటికి వస్తుంది. ఆ ఉన్ని మీదుగా హీలియం వాయువును తిప్పి, వచ్చిన వాయువు విచ్ఛిన్నమయ్యే తీరును లెక్కపెట్టే యంత్రానికి అందిస్తారు. రేడియం-224 నాలుగు రోజులైనా కాకుండానే సగం తరిగిపోతుంది కాబట్టి రేవు నుంచి ప్రయోగశాలకు పరుగే పరుగు.

గనిలో శత్రువు, కడలిలో వార్తాహరుడు

రేడియం నుంచి పుట్టే రేడాన్‌కు రంగు లేదు, వాసన లేదు, దేనితోనూ కలవదు. జాదూగూడ గని 900 మీటర్ల లోతు దాటింది. ఆ సొరంగాల్లో రేడాన్ పేరుకోకుండా పెద్ద ఫ్యాన్లతో గాలి ఆడిస్తూనే ఉండాలి, లేకపోతే పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులకు చేటు. అదే రేడాన్ సముద్రంలో దొరికితే శాస్త్రవేత్తలకు పండగ. భూగర్భ జలంలో అది సముద్రపు నీటిలో కన్నా వందల, వేల రెట్లు ఎక్కువగా ఉంటుంది. సగం తరగడానికి 3.82 రోజులే. అంటే ఇవాళ తీరం నీళ్లలో రేడాన్ ఎక్కువ కనిపించిందంటే ఊట ఈ మధ్యే వచ్చినట్టు. పడవ నడుస్తుండగానే పంపుతో నీళ్లు తోడి, అందులోని వాయువును బయటికి తీసి కొలుచుకుంటూ పోవచ్చు. గాలి బలంగా వీస్తే రేడాన్ ఎగిరిపోతుంది కాబట్టి ఆ లెక్కా సరిచూసుకోవాలి. కేరళలో విళింజం తీరంలో భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఇలా రేడాన్‌తోనే ఊటల్ని పట్టుకుని 2009లో ప్రకటించారు.

అంకెలు చూసి అందరూ నోరెళ్లబెట్టిన సంవత్సరం 1996

అమెరికాలో సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయానికి చెందిన విల్లర్డ్ మూర్ తమ తీరం నీళ్లలో రేడియం-226 కొలిచాడు. నదులూ, బురదా కలిపి ఇవ్వగలిగినదాని కన్నా చాలా ఎక్కువ తేలింది. లెక్క కడితే, ఆ తీరంలో ఊరే నీరు నదులు తెచ్చేదాంట్లో 40 శాతం ఉంటుందని వచ్చింది. ‘నేచర్’ పత్రికలో ఆ వ్యాసం వచ్చాక ప్రపంచమంతా రేడియం వేట మొదలైంది.

మరుసటి ఏడాది అదే మూర్ మన బంగాళాఖాతం గురించి రాశాడు. గంగా బ్రహ్మపుత్రల ముఖద్వారం దగ్గర, నదుల్లో నీళ్లు తక్కువగా ఉండే కాలంలోనే రేడియం, బేరియం దండిగా కనిపించాయి. నది చిక్కిపోయినప్పుడు కూడా సరుకు వస్తోందంటే, తెస్తున్నది నది కాదు. 2001లో మరో బృందం బెంగాల్ నేల కింది నీటిలో స్ట్రాన్షియం కొలిచి, సముద్రానికి పోయే స్ట్రాన్షియంలో ఆ ఊటల వాటా పెద్దదేనని చెప్పింది. సువర్ణరేఖ పడేదీ ఈ అఖాతంలోనే.

గోదావరిలో నీళ్లు లేనప్పుడు కూడా గోదావరి జిల్లాలు సముద్రానికి నీళ్లు పంపుతాయి

వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దాటి సముద్రానికి పోయే నీరు నామమాత్రం. కానీ డెల్టా అంతా కాలువలు, వరిచేలు, ఇసుక పొరలు. పైన పారని నీరు కింద ఊరుతూనే ఉంటుంది. అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాశాలకు చెందిన ఆర్. రంగరాజన్, విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన వి. వి. ఎస్. ఎస్. శర్మ ఈ సంగతి మీద పనిచేసి 2015లో ప్రచురించారు. గోదావరి ముఖద్వారం దగ్గర ఊటలు నీటితోపాటు పోషకాలనూ తీరానికి చేరుస్తున్నాయని చూపించారు.

పోషకాలంటే మంచిదే కదా అనిపిస్తుంది. కొంతవరకు మంచిదే. వాటితో సూక్ష్మ నాచు పెరుగుతుంది, నాచు తిని చిన్న జీవులు, వాటిని తిని చేపలు. మోతాదు మించితే నాచు విజృంభించి, చచ్చి కుళ్లి నీళ్లలో ఆక్సిజన్‌ని తినేస్తుంది. చేలో వేసిన యూరియాలో మొక్క తీసుకోనిది నైట్రేటుగా మారి నేలలోకి దిగుతుంది. కాలువలో పడ్డ నైట్రేటు వారాల్లో సముద్రం చేరితే, నేలలోకి దిగింది ఏళ్లు, దశాబ్దాలు తీసుకుంటుంది. ఈ ఏడాది ఎరువు తగ్గించినా, వెనకటి ఏళ్లది ఇంకా దారిలోనే ఉంటుంది.

ఊరేదంతా మంచినీరేననుకుంటే పొరపాటు

ఈ విషయంలో పత్రికలు తరచూ తొట్రుపడతాయి. 2014లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచ సముద్రాల్లోకి ఊరే నీరు నదుల నీటికి మూడు నాలుగు రెట్లు. 2020లో వచ్చిన మరో అంచనా ప్రకారం అందులో తాజా తీపినీరు నదుల్లో వచ్చేదాంట్లో 1 శాతం కూడా ఉండదు. రెండూ సరైనవే కావచ్చు. పోటు సమయంలో ఇసుకలోకి దూరిన సముద్రపు నీరే ఆటు సమయంలో తిరిగి బయటికి వస్తుంది, ఊటలో అధిక భాగం అదే. ఉప్పునీరే అయినా లోపల ఉన్నంతసేపూ రేడియం, లోహాలు, పోషకాలు పూసుకుని వస్తుంది కాబట్టి రసాయన శాస్త్రానికి అదీ ముఖ్యమే. దాహానికి మాత్రం పనికిరాదు.

చేపలవాళ్లకి ముందే తెలుసు

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరాన జాలర్ల వలలు సముద్రపు అడుగున కొన్ని గుంతల్లో చిక్కుకునేవి. ఆ గుంతల చుట్టూ చేపలు బాగా దొరికేవి కాబట్టి చోట్లు గుర్తుపెట్టుకునేవారు. తీరా శాస్త్రవేత్తలు చూస్తే అవి మంచినీటి ఊటలు.

ఖండతీరపు అంచు కింద పాత వానల నిల్వ ఉంది

ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి ఉండేది. ఇవాళ సముద్రం కింద ఉన్న అంచు అప్పుడు పొడినేల. దాని మీద వాన కురిసి ఇంకింది. తర్వాత సముద్రం పైకి వచ్చి కప్పేసింది, బంకమట్టి పొరలున్న చోట ఆ నీరు కిందే చిక్కుకుపోయింది. ప్రపంచమంతటా ఇలాంటి తక్కువ ఉప్పు నీరు 5 లక్షల ఘన కిలోమీటర్లు ఉంటుందని 2013లో లెక్కవేశారు.

1976లోనే అమెరికా తూర్పు తీరంలో బోర్లు వేస్తే సముద్రం కింద ఈ నీరు తగిలింది. దాని కోసమే ప్రత్యేకంగా 2025లో కేప్ కాడ్ దగ్గర సముద్రంలో వేదిక నిలిపి, అడుగు కింద వందల మీటర్లు తవ్వి దాదాపు 50,000 లీటర్లు పైకి తీశారు. అది మంచుయుగపు నీరా, ఇప్పటి వానలు కూడా అక్కడికి చేరుతున్నాయా అన్నదే వాళ్లకు కావలసిన జవాబు. పాతదైతే తోడినకొద్దీ తరుగుతుంది, మళ్లీ రాదు.

ఒక అడుగు తగ్గితే నలభై అడుగులు పైకి

తీపినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి ఇసుకలో దాని మీద తేలుతుంది. బడాన్ గైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు వందేళ్లకు ముందే విడివిడిగా కనుక్కున్న లెక్క ప్రకారం, సముద్రమట్టానికి పైన ఒక అడుగు తీపినీరుంటే కింద నలభై అడుగులు ఉంటుంది. తిరగేస్తే, బోర్లతో తోడి పైన ఒక అడుగు తగ్గిస్తే కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి వస్తుంది. అప్పుడు సముద్రంలోకి ఊరే నీరు తగ్గి, సముద్రమే నేలలోకి ఊరడం మొదలవుతుంది. కోనసీమలో బోరునీళ్లు ఉప్పగా మారాయని రైతులు చెప్పుకునే చోట్ల ఇదీ ఒక కారణం కావచ్చు.

తీరపు ఊళ్లలో ఊళ్లో ఉన్న బావి ఉప్పగానూ, సముద్రానికి దగ్గరగా ఇసుక దిబ్బ వెనక తవ్విన చెలమ తియ్యగానూ ఉండటానికీ ఈ తేలడమే కారణం. దిబ్బ ఇసుక వానను వెంటనే మింగి కింద నిలుపుతుంది. ఆ చెలమలు తవ్వేవాళ్లు నీరు కనబడగానే పార ఆపేస్తారు. ఇంకా లోతుకు పోతే ఎక్కువ నీళ్లొస్తాయి, కానీ ఉప్పువి.